ప్రోగ్రామ్ 611 అంది... అమ్మమ్మ ఒప్పుకోలేదు!

మా తాతయ్య సంవత్సరీకం ఇంకో రెండు రోజుల్లో ఉంది. ఇల్లంతా చుట్టాలు. ఆ రోజు భోజనాలయ్యాక తాతయ్య ఫొటోలన్నీ టీవీలో వరసగా వేసి అందరికీ చూపించాలని మావయ్యలు అనుకున్నారు. పని మా పిన్ని కొడుక్కి అప్పజెప్పారు. వాడు ఇంజినీరింగ్ ఫస్టియర్. పైథాన్ మొదలుపెట్టి రెండు నెలలు కూడా కాలేదు.

"గ్యాలరీ యాప్ ఎందుకన్నా, నేనే ప్రోగ్రామ్ రాస్తా" అన్నాడు నాతో. రాశాడు కూడా. ఫోల్డర్‌లో ఉన్న ఫొటోలన్నిటినీ లిస్టు చేస్తుంది. కింద రెండు బటన్లు: 'ముందుది', 'తర్వాతది'. నొక్కితే ఫొటో మారుతుంది. రెండు నెలల అనుభవానికి అది చాలా మంచి ప్రోగ్రామే.

అందరి ఫోన్లలోంచి, మావయ్య 2009లో కొన్న డిజిటల్ కెమెరా మెమరీ కార్డులోంచి ఫొటోలు తన ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించుకున్నాడు. పేర్లు కలిసిపోకుండా ఒక్కొక్కరిదీ ఒక్కో ఫోల్డర్. ప్రోగ్రామ్ రన్ చేశాడు. పైన రాసి వచ్చింది: మొత్తం ఫొటోలు 611.

అందరూ చప్పట్లు కొట్టారు. మావయ్య మెమరీ కార్డు ఖాళీ చేసేశాడు. పిన్ని తన ఫోన్‌లోవి తీసేసింది. ఇక మా వాడి ప్లాన్ ఏంటంటే, లిస్టులో వచ్చిన 611 ఫొటోలనీ ఒక్కో ఇంటికి ఒక్కో పెన్‌డ్రైవ్‌లో వేసి ఇవ్వడం, తర్వాత ల్యాప్‌టాప్‌లో జాగా లేదు కాబట్టి ఫోల్డర్ మొత్తం డిలీట్ చేయడం.

రిహార్సల్‌గా టీవీలో వేసి చూస్తున్నాం. అమ్మమ్మ కుర్చీలో కూర్చుని అన్నీ చూసింది. చివర్లో అడిగింది:

"ఒరేయ్ నాన్నా, గృహప్రవేశం ఫొటోలేవి? పాలు పొంగించినప్పుడు మీ తాతయ్య నా పక్కనే నిలబడ్డారు కదా. అది లేదేం?"

"అన్నీ వచ్చేశాయి అమ్మమ్మా. ప్రోగ్రామ్ చెప్తోంది కదా, 611."

"నీ ప్రోగ్రామ్ సంగతి నాకు తెలీదు. ఆ ఫొటో ఉంది. నేను చూశాను."

ఉంది. ఆ ల్యాప్‌టాప్‌లోనే, ఆ ఫోల్డర్‌లోనే ఉంది. ప్రోగ్రామ్‌కి కనపడలేదంతే. ఇంకో గంట ఆగి ఉంటే డిలీట్ అయిపోయేది కూడా.

ఈ వారం కబురు ఇదే ఫ్రెండ్స్. ఫైళ్లని లిస్టు చేసే ప్రోగ్రామ్ దాదాపు ప్రతి బిగినరూ రాస్తారు. చూడ్డానికి చాలా ఈజీ. కానీ అది తప్పు చేసినప్పుడు ఎర్రక్షరాలతో అరవదు. నోరు మూసుకుని కొన్నిటిని వదిలేస్తుంది. మనం 'అన్నీ వచ్చాయి' అనుకుంటాం.

తోక చూసి మోసపోయాడు

మా వాడు రాసిన కండిషన్ ఒక్కటే: ఫైలు పేరు చివర 'డాట్ జేపీజీ' ఉంటే లిస్టులో వేసుకో. ఫొటో అంటే జేపీజీయే కదా అనుకున్నాడు. మనలో చాలామంది అలాగే అనుకుంటాం.

ఫైలు పేరులో చివరి చుక్క నుంచి ఉండే ముక్కని ఎక్స్‌టెన్షన్ అంటాం. తోక అనుకోండి. ఒక్క ఫొటోలకే ఎన్ని తోకలు ఉన్నాయో ఆ రాత్రి లెక్క తీశాం.

చిన్నక్షరాల జేపీజీ: 611. ఇవి వాట్సాప్‌లో వచ్చినవి, ఆండ్రాయిడ్ ఫోన్లలో తీసినవి.

క్యాపిటల్ లెటర్స్‌లో జేపీజీ: 238. ఇవన్నీ మావయ్య కెమెరావి. చాలా డిజిటల్ కెమెరాలు పేరునీ తోకనీ పెద్దక్షరాల్లోనే పెడతాయి. మనకి రెండూ ఒకటే. పైథాన్‌కి చిన్న 'జె' వేరు, పెద్ద 'జె' వేరు. గృహప్రవేశం మొత్తం ఇక్కడే ఆగిపోయింది.

జేపీఈజీ, అంటే మధ్యలో 'ఈ' అక్షరం ఉన్నది: 97. నిజానికి జేపీజీ, జేపీఈజీ ఒకటే రకం ఫొటో. పాత డాస్ రోజుల్లో తోకకి మూడక్షరాలే అనుమతి. అందుకని ఒక అక్షరం కత్తిరించారు. ఆ పొట్టి పేరూ ఉండిపోయింది, పొడుగు పేరూ ఉండిపోయింది.

పీఎన్‌జీ: 84. ఎక్కువగా స్క్రీన్‌షాట్లు. తాతయ్యతో వీడియో కాల్ మాట్లాడుతూ తీసుకున్నవి కూడా అందులోనే ఉన్నాయి.

హెచ్‌ఈఐసీ: 126. పిన్ని ఐఫోన్‌వి. 2017లో వచ్చిన ఐఓఎస్ 11 నుంచి కొత్త ఐఫోన్లు ఫొటోల్ని ఈ రకంలో దాస్తున్నాయి.

కలిపితే 1,156 ఫొటోలు. ప్రోగ్రామ్ చూపించింది 611. అంటే 545 ఫొటోలు ఎవరికీ తెలియకుండా పక్కన ఉండిపోయాయి.

అవి కాక ఎంపీ4 వీడియోలు 75, పాత కీప్యాడ్ ఫోన్‌లో తీసిన 3జీపీ వీడియోలు 19, ఓపస్ ఫైళ్లు 30. ఓపస్ అంటే ఏంటో మా వాడికి తెలీదు. వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఆ తోకతోనే ఉంటాయి. 30లో 11 తాతయ్యవే. "మందులు తెచ్చావా, అన్నం తిన్నావా" లాంటివి. పెద్దమావయ్య ఫోన్‌ ఫోల్డర్‌లో ఉన్నాయి. ఫొటోలతో పాటు వచ్చేశాయి.

సరైన దారి ఏంటి?

చాలామంది ఇక్కడ ఒక్కో రకానికి ఒక్కో కండిషన్ రాసుకుంటూ పోతారు. అందులో మూడు గోతులున్నాయి. మా వాడు ఆ రాత్రి మూడింటిలోనూ పడ్డాడు. మీరు పడకండి.

మొదటి గొయ్యి 'ఆర్'. "తోక జేపీజీతో సమానమా, ఆర్ పీఎన్‌జీ" అని రాశాడు. మాటల్లో చెప్పుకుంటే కరెక్టే. కానీ పైథాన్‌కి 'ఆర్' తర్వాత ఉన్న 'పీఎన్‌జీ' ఒక విడి మాట. ఖాళీగా లేని మాట ఏదైనా దాని లెక్కలో 'నిజం'. కాబట్టి కండిషన్ ఎప్పుడూ నిజమే అవుతుంది. పీడీఎఫ్‌లు, పాటలు, అన్నీ ఫొటోల లిస్టులోకి వచ్చేస్తాయి.

రెండో గొయ్యి గ్లాబ్. గ్లాబ్ అంటే 'స్టార్ డాట్ జేపీజీ' లాంటి నమూనా ఇస్తే సరిపడే ఫైళ్లు తెచ్చే సాధనం. అది ఒకసారికి ఒక్క నమూనానే తీసుకుంటుంది. సరే అని చిన్నక్షరాలకి ఒకసారి, పెద్దక్షరాలకి ఒకసారి పిలిచి రెండు లిస్టులూ కలిపాడు. విండోస్‌లో గ్లాబ్ చిన్నా పెద్దా తేడా చూడదు. దాంతో ప్రతి ఫొటో రెండుసార్లు వచ్చింది. అదే ప్రోగ్రామ్‌ని ఆండ్రాయిడ్ ఫోన్‌లో రన్ చేస్తే తేడా చూస్తుంది, ఒక్కోసారే వస్తుంది. ఒకే కోడ్, రెండు చోట్ల రెండు జవాబులు!

మూడో గొయ్యి చుక్క. పాత్‌లిబ్ అనే లైబ్రరీలో 'సఫిక్స్' అంటే తోకని తెచ్చి ఇస్తుంది. చుక్కతో సహా ఇస్తుంది. మీరు మీ జాబితాలో చుక్క లేకుండా రాసుకుంటే ఒక్కటీ సరిపోదు. ఫొటోలు సున్నా అని వస్తుంది.

ఇక సరైన దారి. నాలుగు అడుగులే.

ఒకటి, ముందు తోకల జాబితాలు రాసుకోండి. ఫొటోలకి ఒక సెట్: జేపీజీ, జేపీఈజీ, పీఎన్‌జీ, హెచ్‌ఈఐసీ. వీడియోలకి ఒక సెట్, ఆడియోకి ఒక సెట్. అన్నీ చిన్నక్షరాల్లో, చుక్కతో సహా.

రెండు, ఫోల్డర్‌లో ఉన్న ఫైళ్లన్నిటినీ తీసుకోండి. ఏ రకమూ అడగొద్దు, అన్నీ. ఇక్కడ ఒక మాట గుర్తుంచుకోండి. 'లిస్ట్‌డిర్' పై అంతస్తు మాత్రమే చూస్తుంది, లోపలి ఫోల్డర్లలోకి దిగదు. పైగా ఆ ఫోల్డర్ల పేర్లని కూడా ఫైళ్లతో కలిపి ఇస్తుంది. లోపలికి దిగాలంటే పాత్‌లిబ్‌లో 'ఆర్‌గ్లాబ్' వాడాలి. వచ్చినవాటిలో 'ఇది ఫైలేనా?' అని అడిగి ఫోల్డర్లని పక్కన పెట్టాలి. మా వాడు ఇది మాత్రం మొదట్నుంచీ కరెక్టుగా చేశాడు.

మూడు, ప్రతి ఫైలు తోకనీ తీసి 'లోయర్' చేయండి. అంటే చిన్నక్షరాల్లోకి మార్చండి. అప్పుడు ఏ సెట్‌లో ఉందో చూడండి. పెద్దా చిన్నా గొడవ ఈ ఒక్క మాటతో తీరిపోతుంది.

నాలుగు, ఏ సెట్‌లోనూ లేనివాటిని పారేయకండి. 'ఇతరం' అని ఒక లిస్టు పెట్టి అందులో వేయండి. అసలు కిటుకు ఇదే. దీని గురించి చివర్లో చెప్తాను.

వరస తప్పితే కథ తప్పుతుంది

ఫైళ్లు దొరికాయి. ఇప్పుడు వరస. 'లిస్ట్‌డిర్' గానీ గ్లాబ్ గానీ ఫైళ్లని ఫలానా వరసలోనే ఇస్తానని మాటివ్వవు. మీ ల్యాప్‌టాప్‌లో అఆఇఈల వరసలో వచ్చిందని నమ్మితే ఫ్రెండ్ ఫోన్‌లో చిందరవందరగా రావచ్చు. కాబట్టి 'సార్టెడ్' అని మనమే వరస పెట్టాలి. అన్ని రకాలూ కలిపాక పెట్టాలి. రకం వారీగా పెట్టి తర్వాత అతికిస్తే ఫొటోలన్నీ అయ్యాక వీడియోలు వస్తాయి. పెళ్లి ఫొటోలు ఒక చోట, అదే పెళ్లి వీడియో అరగంట తర్వాత!

పేరు వారీ వరసలో ఇంకో చిక్కుంది. చిన్నపిన్ని పాత ఆల్బమ్‌ని స్కాన్ చేసి ఫొటో 1, ఫొటో 2 అని పేర్లు పెట్టింది. సార్ట్ చేస్తే ఫొటో 1 తర్వాత ఫొటో 10 వచ్చింది, ఆ తర్వాతెప్పుడో ఫొటో 2. ఎందుకంటే కంప్యూటర్ దాన్ని అంకెగా చూడదు, అక్షరాలుగా చూస్తుంది. 10లో మొదటి అక్షరం 1. అది 2 కంటే ముందే కదా. పేర్లు పెట్టేటప్పుడే 001, 002, 010 అని పెడితే గొడవే లేదు. వాట్సాప్ పేర్లు గమనించారా? సంవత్సరం, నెల, తేదీ, తర్వాత నాలుగంకెల నంబరు, ముందు సున్నాలతో. అందుకే అవి సార్ట్ చేయగానే తేదీల వరసలో కూర్చుంటాయి.

'ఫైలు తేదీ చూసి సార్ట్ చేస్తే పోలా?' అనొచ్చు. చేయొచ్చు. కానీ డౌన్‌లోడ్ చేసినప్పుడు, కొన్ని పద్ధతుల్లో కాపీ చేసినప్పుడు ఆ తేదీ మారిపోతుంది. 2009 ఫొటో నిన్నటిదిగా కనిపించొచ్చు. మా వాడు చివరికి ఫోల్డర్ వారీగా, ఒక్కో ఫోల్డర్‌లో పేరు వారీగా పెట్టాడు.

'తర్వాతది' నొక్కితే ఏమవుతుంది?

ఇక బటన్లు. లిస్టులో మనం ఎక్కడున్నామో గుర్తుపెట్టుకోవడానికి ఒక నంబరు చాలు. అది సున్నాతో మొదలవుతుంది. 'తర్వాతది' నొక్కితే ఒకటి కలుపు, 'ముందుది' నొక్కితే ఒకటి తీసేయ్.

చివరి ఫొటో దగ్గర 'తర్వాతది' నొక్కండి. ప్రోగ్రామ్ ఎర్రర్ ఇస్తుంది: ఆ నంబరు లిస్టులో లేదని. మంచిదే, కనీసం తెలిసింది.

మొదటి ఫొటో దగ్గర 'ముందుది' నొక్కండి. సున్నాలోంచి ఒకటి తీస్తే మైనస్ ఒకటి. పైథాన్‌లో మైనస్ ఒకటి అంటే చివరిది! ఎర్రర్ రాదు, చివరి ఫొటో వస్తుంది. అంటే ఒక వైపు గుండ్రంగా తిరుగుతుంది, ఇంకో వైపు గోడకి గుద్దుకుంటుంది. మీరు కావాలని అలా పెట్టలేదు, అలా అయింది.

రెండు వైపులా గుండ్రంగా తిరగాలంటే, కొత్త నంబరుని మొత్తం ఫొటోల సంఖ్యతో భాగించి శేషం తీసుకోండి. చిన్నప్పటి భాగహారమే. 1,156 ఫొటోలుంటే చివరి నంబరు 1,155. ఒకటి కలిపితే 1,156. భాగిస్తే శేషం సున్నా. మళ్లీ మొదటి ఫొటో. వెనక్కి వెళ్లినా పైథాన్ శేషాన్ని సరిగ్గానే ఇస్తుంది. జావా, సీ లాంటి భాషల్లో మాత్రం మైనస్ శేషం వస్తుంది, జాగ్రత్త. ఇంకోటి, ఫోల్డర్ ఖాళీగా ఉంటే మొత్తం సున్నా. సున్నాతో భాగిస్తే ఎర్రర్. అందుకే ముందే 'ఒక్క ఫైలన్నా ఉందా?' అని అడగాలి.

మసకగా వచ్చిన ఫొటోలు తీసేయడానికి 'డిలీట్' బటన్ కూడా పెడతారు కొందరు. అక్కడో దొంగ మెట్టుంది. ఐదో ఫొటో తీసేశారనుకోండి. ఆరోది జరిగి ఐదో స్థానంలోకి వస్తుంది. మీ ప్రోగ్రామ్ అలవాటుగా ఒకటి కలిపితే ఏడో ఫొటో చూపిస్తుంది. ఆరోది మీరు చూడనే లేదు. తీసేశాక నంబరు కలపకుండా అక్కడే ఉండాలి. తీసేసింది చివరిదైతే మాత్రం ఒకటి వెనక్కి రావాలి.

తెరుచుకోకపోతే?

లిస్టులో పెట్టినంత మాత్రాన ఫొటో తెరుచుకోవాలని లేదు. మా వాడు ఫొటోలు చూపించడానికి పిల్లో అనే లైబ్రరీ వాడాడు. అది జేపీజీ, పీఎన్‌జీ తెరుస్తుంది. హెచ్‌ఈఐసీ రాగానే ఎర్రర్ ఇచ్చింది. "పేరు మార్చేస్తే సరి" అని హెచ్‌ఈఐసీ తోక తీసి జేపీజీ అని పెట్టాడు. పని చేయలేదు. డబ్బా మీద పంచదార అని రాస్తే లోపలున్న ఉప్పు తియ్యబడదు కదా. దానికి విడిగా ఒక యాడ్-ఆన్ లైబ్రరీ ఉంది. అది పెట్టుకుంటే తెరుచుకుంటుంది.

అసలు పాయింట్ ఏంటంటే, తెరుచుకోని ఫైలుని ప్రోగ్రామ్ దాటేసి పోకూడదు. 'ట్రై, ఎక్సెప్ట్' రాసి ఎక్సెప్ట్‌లో 'పాస్' అని పెట్టడం మనకి బాగా అలవాటు. అంటే ఎర్రర్ వచ్చినా కిక్కురుమనకు అని చెప్పడం. దాని బదులు స్క్రీన్ మీద ఫైలు పేరు వేసి, 'ఇది తెరవలేకపోతున్నాను' అని రాయించండి. అప్పుడు కనీసం అది ఉందని తెలుస్తుంది.

ఇక అసలు కిటుకు

ప్రోగ్రామ్ పైన ఒక్క నంబరు కాదు, నాలుగు వేయండి: ఫోల్డర్‌లో మొత్తం ఫైళ్లు, చూపిస్తున్నవి, ఇతరం, తెరవలేనివి. ఇతరంలో ఏ తోకవి ఎన్ని ఉన్నాయో విడివిడిగా వేయండి. చూపిస్తున్నవి, ఇతరం, తెరవలేనివి కలిపితే మొత్తం రావాలి. ఒక్కటి తగ్గినా ఎక్కడో జారిపోయినట్టే. ఒక్కటి పెరిగినా ఏదో రెండుసార్లు వచ్చినట్టే. ఇతరం సున్నా అని వస్తే కూడా ఒకసారి అనుమానించండి, 'ఆర్' గొయ్యిలో పడ్డారేమో.

మా వాడి లెక్క చివరికి ఇలా వచ్చింది. మొత్తం 1,284. ఫొటోలు 1,156, వీడియోలు 94, ఆడియో 30, ఇతరం 4. ఆ నాలుగింటిలో రెండు విండోస్ తనకోసం దాచుకునే ఫైళ్లు. మిగతా రెండు పీడీఎఫ్‌లు. తెరిచి చూస్తే తాతయ్య పట్టాదారు పాస్‌బుక్ స్కాన్ కాపీలు. పెద్దమావయ్య నెల రోజులుగా వెతుకుతున్నది అదే!

పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసేటప్పుడూ ఇదే లెక్క. రెండు ఫోన్లలో ఒకే పేరుతో ఫైళ్లుంటే, ఒకే ఫోల్డర్‌లోకి వేసినప్పుడు పైథాన్ కాపీ ఆదేశం అడక్కుండా పాతదాని మీద కొత్తది రాసేస్తుంది. కాబట్టి ఫోల్డర్లు విడిగానే ఉంచండి. అటు ఎన్ని, ఇటు ఎన్ని, లెక్క సరిపోయాకే డిలీట్ గురించి ఆలోచించండి.

సంవత్సరీకం రోజు టీవీలో గృహప్రవేశం ఫొటోలు వచ్చాయి. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. అమ్మమ్మ పక్కన తాతయ్య, కండువా భుజాన వేసుకుని. ఫొటో మార్చకుండా మా వాడు అలాగే ఉంచాడు.

"చెప్పానా, ఉందని" అంది అమ్మమ్మ.

ఆ రాత్రి వాడు తన ప్రోగ్రామ్‌లో ఒక లైను మార్చాడు. ఇదివరకు 'మొత్తం ఫొటోలు' అని ఉండేది. ఇప్పుడు 'నాకు దొరికిన ఫొటోలు' అని ఉంది.

ఈ వారం మీ పని: ఫోన్‌లో పైథాన్ యాప్ ఉంటే దానికి స్టోరేజ్ అనుమతి ఇచ్చి, ఏదైనా ఒక ఫోల్డర్‌లో ఎన్ని రకాల తోకలున్నాయో, ఒక్కోటీ ఎన్ని ఉన్నాయో లెక్క తీయించండి. డిలీట్ జోలికి వెళ్లకండి, లెక్క మాత్రమే. మీరు ఎప్పుడూ వినని తోక ఒక్కటైనా తగులుతుంది చూడండి.

ఒకే ఫొటో నాలుగు పేర్లతో నాలుగు చోట్ల ఉంటే ప్రోగ్రామ్‌తో ఎలా పట్టుకోవాలో వచ్చే వారం చూద్దాం.